విశాఖ నుంచి అరకుకి సైకిళ్ల మీద గ్రూప్‌గా వెళ్లాలంటే: ఏర్పాట్ల నుంచి ఘాట్ దిగేదాకా

చలి మొదలైతే చాలు, "పది మందిమి కలిసి సైకిళ్ల మీద అరకు వెళ్దామనుకుంటున్నాం, ఏం చూసుకోవాలి?" అని అడిగేవాళ్లు ఎక్కువైపోతారు. ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు అంతా ఒకచోట వరుసగా రాస్తున్నాను. దారి అరకుది అయినా, ఇందులో చాలా భాగం శ్రీశైలం వెళ్లినా వికారాబాద్ దగ్గరి అనంతగిరి వెళ్లినా పనికొస్తుంది.

ఒక మాట మొదటే. గ్రూప్ రైడ్‌లో టైమ్, స్పీడ్, ఆగే చోటు, ఏది తేల్చినా అందరికంటే వెనక వచ్చే మనిషిని చూసి తేల్చాలి. అది కుదరదు, ఎవరి స్పీడ్ వాళ్లది అనుకుంటే ఎవరికి వాళ్లు విడిగా వెళ్లడమే మంచిది.

1. ఎవరు వస్తున్నారు, ఎన్ని రోజులు

విశాఖ నుంచి పెందుర్తి, కొత్తవలస మీదుగా ఎస్.కోట (శృంగవరపుకోట) సుమారు 50 కిలోమీటర్లు. అక్కడి నుంచి అరకు ఇంకో 65 దాకా ఉంటుంది. మొత్తం 115 అంటే రోజూ తొక్కేవాళ్లకి పెద్ద లెక్క కాదనిపిస్తుంది గానీ, ఇక్కడ కిలోమీటర్లని కాదు, ఎత్తుని చూడాలి. అరకు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైనే ఉంది, దారిలో గాలికొండ దగ్గర ఇంకా పైకి ఎక్కి మళ్లీ దిగాలి. సముద్రం ఒడ్డున బయలుదేరిన మనిషి ఇదంతా ఒక్క పూటలో ఎక్కాలి.

లెక్క ఇలా వేసుకోండి. చదును రోడ్డు మీద మామూలు గ్రూప్ గంటకి 15 నుంచి 18 కిలోమీటర్లు పోతుంది. ఘాట్‌లో అదే గ్రూప్ ఆరేడు కిలోమీటర్లకి పడిపోతుంది. తెల్లవారుజామున ఐదున్నరకి బయలుదేరితే ఎస్.కోటలో టిఫిన్ అయ్యేసరికి తొమ్మిదిన్నర, అరకు చేరేసరికి సాయంత్రం ఐదున్నర. డిసెంబరులో అప్పటికే చీకటి పడుతుంటుంది. ఒక్క పంక్చర్ పడినా చివరి పది కిలోమీటర్లు చీకట్లోనే.

అందుకే గ్రూప్‌లో కొత్తవాళ్లు ఇద్దరున్నా నేను చెప్పేది ఒకటే: మొదటిరోజు మధ్యాహ్నం విశాఖలో బయలుదేరి రాత్రికి ఎస్.కోటలో పడుకోండి, తెల్లారి ఘాట్ ఎక్కండి. లేదా సైకిళ్లని ట్రాలీ ఆటోలో ఎస్.కోట దాకా వేసుకెళ్లి అక్కడ మొదలుపెట్టండి. ఇందులో నామోషీ ఏమీ లేదు. పెందుర్తి దాటేదాకా లారీల పక్కన తొక్కడంలో అంత ఆనందమూ లేదు.

వచ్చే ప్రతి ఒక్కరూ ముందు ఈ మూడూ చేసి ఉండాలి:

- గత నెలలో ఒక్కసారైనా 60 కిలోమీటర్లు ఒకే రోజు తొక్కి ఉండాలి
- వరసగా రెండు రోజులు తొక్కి ఉండాలి (రెండోరోజు సీటు మీద కూర్చున్నప్పుడే అసలు సంగతి తెలుస్తుంది)
- ఏదో ఒక ఎత్తు ఎక్కి ఉండాలి, విశాఖవాళ్లకి కైలాసగిరి రోడ్డో సింహాచలం కొండ రోడ్డో చాలు

"వాడు జిమ్‌కి వెళ్తాడు, ఏం కాదు" అంటే ఒప్పుకోకండి. జిమ్ వేరు, ఎండలో నాలుగు గంటలు ఎక్కడం వేరు. ఉబ్బసం, గుండె జబ్బు, షుగర్ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగి రావాలి, ఆ సంగతి లీడర్‌కి ముందే చెప్పాలి.

సీజన్ నవంబరు చివర్నుంచి ఫిబ్రవరి దాకా. వానాకాలంలో ఘాట్ చూడ్డానికి బాగుంటుంది, తొక్కడానికి కాదు, కొండరాళ్లు జారి రోడ్డు మీద పడుతుంటాయి. అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు, కాబట్టి వాతావరణ శాఖ హెచ్చరిక చూడకుండా తేదీ ఖాయం చేయకండి. డిసెంబరు, జనవరి శని ఆదివారాల్లో ఘాట్ నిండా టూరిస్టు కార్లే. వీలైతే మంగళ, బుధవారాలు పెట్టుకోండి.

2. ఎవరి పని ఏంటి

పన్నెండు మంది దాటితే రెండు గ్రూపులు చేయండి, మధ్యలో పావుగంట తేడా ఉంచండి. ఇరవై సైకిళ్లు వరసగా పోతుంటే వెనక వచ్చే బస్సు ఒకేసారి దాటలేదు, దాటబోయి మధ్యలోకి దూరుతుంది.

ప్రతి గ్రూప్‌కీ ముగ్గురు కావాలి.

లీడర్ ముందుంటాడు. దారి తెలిసినవాడు, అంతకన్నా ముఖ్యంగా తన స్పీడ్ తగ్గించుకోగలిగినవాడు. గ్రూప్‌లో అందరికంటే గట్టిగా తొక్కేవాణ్ని లీడర్‌ని చేయడం చాలామంది చేసే తప్పు. అతను తెలియకుండానే లాగేస్తాడు, వెనకవాళ్లు ఎస్.కోట చేరేసరికే అలిసిపోతారు.

స్వీప్ చివర ఉంటాడు. అసలు గట్టిగా తొక్కేవాడు ఉండాల్సింది ఇక్కడ. స్వీప్‌కి ఒకే నియమం: ఎవరినీ దాటకూడదు. ఎవరు ఆగితే తనూ ఆగాలి, ఎవరు నడిస్తే తనూ నడవాలి. పంపు, పంక్చర్ కిట్, ఫస్ట్ ఎయిడ్ పెట్టె అతని దగ్గరే ఉండాలి. అవి లీడర్ దగ్గరుంటే, వెనక పంక్చర్ పడ్డప్పుడు పంపు మూడు కిలోమీటర్ల ముందు ఉంటుంది.

మధ్య మనిషి గ్రూప్ రెండుగా తెగిపోకుండా చూస్తాడు. ముందు వాళ్లు కనపడాలి, వెనక వాళ్లు కనపడాలి, ఎవరో ఒకరు కనపడకపోతే కేక వేసి ఆపాలి.

దారి మారే ప్రతిచోటా లీడర్ ఒకరిని నిలబెట్టి వెళ్లాలి. స్వీప్ వచ్చేదాకా ఆ మనిషి కదలకూడదు. కొత్తవలస, ఎస్.కోట లాంటి జంక్షన్లలో ఇదొక్కటి పాటిస్తే ఎవరూ తప్పిపోరు. ఘాట్‌లో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు కాబట్టి ఫోన్ చేసుకుందాంలే అనే ఆలోచన ఇక్కడ పనిచేయదు. మ్యాప్‌ని ఇంట్లో ఉండగానే ఫోన్‌లోకి దించుకోండి.

3. సైకిల్ సంగతి, మూడు రోజుల ముందే

ముందురోజు రాత్రి చూసుకుంటే ఏం బాగాలేదో తెలుస్తుంది గానీ బాగుచేయించే టైమ్ ఉండదు.

మొదట గేరు. ముందు చిన్న చక్రానికి ఎన్ని పళ్లున్నాయో, వెనక పెద్ద చక్రానికి కనీసం అన్ని ఉండాలి. అలా ఉంటే మామూలు మనిషి కూర్చునే ఘాట్ ఎక్కగలడు. గేర్లు లేని సైకిల్‌తో ఎక్కేవాళ్లు లేరని కాదు, కానీ గ్రూప్‌లో వద్దు.

- టైర్లు: పక్కన పగుళ్లు, దారాలు బయటపడటం ఉంటే మార్చేయండి. గాలి సన్న రోడ్డు టైర్‌కి సుమారు 80 నుంచి 100 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత), హైబ్రిడ్‌కి 50 నుంచి 70. టైర్ పక్కన రాసిన పరిధి దాటకండి
- బ్రేకులు: లివర్ నొక్కితే హ్యాండిల్‌కి తగలకూడదు. రబ్బరు మీద గాడి అరిగిపోతే కొత్తవి వేయించండి. డిస్క్ అయితే ప్యాడ్ మందం చూడండి
- చైన్: తుడిచి, నూనె వేసి, పైన తడి లేకుండా మళ్లీ తుడవండి
- చక్రం: తిప్పి చూడండి, వంకర పోతుంటే పుల్లలు బిగించుకోవాలి
- సీటు: మడమ పెడల్ మీద పెట్టి కిందకి తొక్కితే కాలు తిన్నగా రావాలి. ఇంకా వంగి ఉంటే సీటు పెంచండి, మోకాలి నొప్పుల్లో సగం దీనివల్లే
- లైట్లు: ముందు తెల్లది, వెనక ఎర్రది. అరకు దగ్గర పొద్దున పొగమంచులో పగలైనా వెయ్యాలి

ట్యూబ్ వాల్వ్ సన్నదైతే రోడ్డు పక్క పంక్చర్ షాపు పంపు దానికి పట్టదు. చిన్న అడాప్టర్ దొరుకుతుంది, చాలా చవక, అగ్గిపుల్ల తల కన్నా కాస్త పెద్దది. దాన్ని హెల్మెట్ సంచిలో కాకుండా వాల్వ్‌కే బిగించి ఉంచండి, లేకపోతే కావలసినప్పుడు కనపడదు.

హెల్మెట్ లేనివాళ్లని తీసుకెళ్లకండి. నచ్చజెప్పడాలూ వద్దు. కనుబొమల మీద రెండు వేళ్ల ఎత్తులో కూర్చోవాలి, గడ్డం కింద పట్టీలో రెండు వేళ్లు పట్టాలి. ఒకసారి గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగున్నా మళ్లీ వాడకూడదు.

4. సామాను

వీపు మీద బ్యాగ్ వద్దు. చెమట, నడుం నొప్పి ఒక ఎత్తు, దిగేటప్పుడు బరువు మెడ మీదకి జారడం ఇంకో ఎత్తు. క్యారియర్‌కి రెండు వైపులా సంచులు, బరువైనవి అడుగున, రెండు వైపులా సమానంగా. తాళ్లు, పట్టీల చివర్లు వేలాడకుండా చుట్టేయండి. చక్రం పుల్లల్లో పడితే సైకిల్ ఉన్నచోటే ఆగుతుంది, మనిషి ఆగడు. చున్నీ, వదులు ప్యాంటు కాళ్లు కూడా ఇదే లెక్క.

గ్రూప్ మొత్తానికి ఒక సెట్ చాలు: పంపు, టైర్ లివర్లు, ప్యాచ్‌లు, సొల్యూషన్, ఆలెన్ కీలు, చైన్ లింక్, ఒక బ్రేక్ కేబుల్. ట్యూబ్ మాత్రం ఎవరి సైజుది వాళ్లే తెచ్చుకోవాలి.

ఒక్కొక్కరి దగ్గర: రెండు నీళ్ల సీసాలు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, ఆధార్ కాపీ, కొంత నగదు, స్వెటర్, సన్న రెయిన్ కోటు. ఇంటివాళ్ల నంబరు, రక్తం గ్రూపు, అలర్జీలు రాసిన చీటీ హెల్మెట్ లోపల అంటించండి. ఫోన్‌కి లాక్ ఉంటుంది, హెల్మెట్‌కి ఉండదు.

5. తిండి, నీళ్లు

దాహం వేశాక తాగుదాం అంటే ఆలస్యమే. గంటకి అర లీటరు, ఎండ ముదిరితే ఇంకొంచెం. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్‌ని లీటరు నీళ్లలో కలపాలి, సీసా అర లీటరుదైతే సగమే వేయండి. చాలామంది చిన్న సీసాలో మొత్తం ఒంపేసి "కడుపులో తిప్పుతోంది" అంటారు.

పొద్దున ఇడ్లీ, ఉప్మా చాలు. పూరీ, మసాలా దోశ తిని ఘాట్ ఎక్కకండి. దారిలో ముప్పావుగంటకోసారి అరటిపండో, పల్లీపట్టీ ముక్కో, ఖర్జూరాలో. బొంగులో చికెన్ చేరాక తినండి, అప్పుడు దాని రుచే వేరు. ఎస్.కోటలో సీసాలు నింపుకుని పైకి కదలండి, ఘాట్‌లో దుకాణాలున్నాయి గానీ మీకు కావలసినప్పుడు ఉండవు.

6. రోడ్డు మీద వరస, కేకలు

ఎడమ వైపు, ఒకరి వెనక ఒకరు. పక్కపక్కన కబుర్లు టీ దగ్గర. మరీ అంచుకి కూడా పోకండి, తారు అంచు దిగితే ముందు చక్రం మళ్లీ పైకి ఎక్కేటప్పుడు జారి పడిపోతారు. అంచుకి మూడడుగులు లోపల తొక్కితే సరిపోతుంది.

చదునులో రెండు సైకిళ్ల దూరం ఉంచండి. ముందు చక్రం ఎదుటివారి వెనక చక్రం పక్కకి ఎప్పుడూ రానివ్వకండి. వాళ్లు అర అడుగు జరిగారా, పడేది మీరే.

కేకలు చిన్నవిగా, అందరికీ ఒకటే ఉండాలి. మాకు ఇవి చాలు:

- "గొయ్యి!" (వేలు కిందకి చూపించి)
- "కంకర!"
- "వెనక బండి!" (ఇది వెనక నుంచి ముందుకి పోవాలి)
- "ఎదురు బండి!" (ముందు నుంచి వెనక్కి)
- "ఆగుతున్నా!"

విన్న ప్రతి ఒక్కరూ మళ్లీ అరవాలి. మధ్యలో ఒకరు ఊరుకున్నా చివరివాళ్లకి గొయ్యి సంగతి గోతిలో పడ్డాకే తెలుస్తుంది. అందుకే ఇయర్‌ఫోన్లు రెండు చెవుల్లోనే కాదు, ఒక చెవిలో కూడా వద్దు.

ఆగేటప్పుడు మొత్తం రోడ్డు దిగి ఆగాలి. మలుపులో ఆగి ఫొటోలు తీసుకునే గ్రూపులు కనపడతాయి, ఆ మలుపు అవతల నుంచి వచ్చే డ్రైవర్‌కి మాత్రం వాళ్లు కనపడరు. రైలు పట్టాలు దాటాల్సి వస్తే అడ్డంగా, లంబకోణంలో దాటండి, తడిగా ఉంటే దిగి నడిపించండి.

7. ఎక్కేటప్పుడు

మొదటి అరగంటలో ఊపిరి ఆడనంతగా తొక్కితే మిగతా మూడు గంటలు నెట్టుకుంటూ నడవాలి. పక్కవాళ్లతో రెండు వాక్యాలు మాట్లాడగలిగే స్పీడే సరైన స్పీడ్. గేరు ఎత్తు మొదలవకముందే తగ్గించండి, బరువు పడ్డాక మారిస్తే చైన్ ఊడుతుంది. అలిసిపోయి పాములా అటూ ఇటూ తిప్పుతూ తొక్కేకన్నా దిగి నడవడం వెయ్యి రెట్లు మేలు, వెనక బస్సు ఉందన్న సంగతి మర్చిపోకండి.

ఇక్కడ ఒక గడువు పెట్టుకోండి. చివరి మనిషి మధ్యాహ్నం రెండింటికల్లా ఈ ఘాట్ దారిలోనే ఉన్న అనంతగిరి చేరకపోతే, చివర ఉన్నవాళ్లని సైకిళ్లతో సహా జీపో ఆటోనో ఎక్కించేయండి. ఈ మాట బయలుదేరే ముందే అందరితో ఒప్పించుకోవాలి. ఘాట్ మధ్యలో నిలబడి చెబితే ఎవరూ వినరు, "ఇంకొంచెమేగా" అంటారు.

8. దిగేటప్పుడు, అసలు ప్రమాదం ఇక్కడే

ఎక్కేటప్పుడు ఎవరికీ పెద్దగా దెబ్బలు తగలవు. తగిలేది దిగేటప్పుడే, అదీ కష్టమంతా అయిపోయిందన్న హుషారులో.

దిగుడు మొదలయ్యే ముందు అందరూ ఆగండి. బ్రేకులు నొక్కి చూడండి, స్వెటర్ వేసుకోండి (చెమట ఒంటి మీద చల్లగాలి తగిలితే వేళ్లు బిగుసుకుపోయి లివర్ నొక్కలేరు), సంచుల పట్టీలు చూడండి. తర్వాత ఒక్కొక్కరినీ పది సెకన్ల తేడాతో వదలండి. దిగుడులో ఎవరూ ఎవరినీ దాటకూడదు, స్వీప్ అయినా సరే.

బ్రేక్ వేసే పద్ధతి:

- మలుపుకి ముందే, సైకిల్ నిటారుగా ఉన్నప్పుడే వేగం తగ్గించండి. వంగి ఉన్నప్పుడు గట్టిగా నొక్కితే చక్రం జారుతుంది
- రెండు బ్రేకులూ కలిపి నొక్కండి. ఆపే బలం ఎక్కువ ముందు బ్రేక్‌దే, కానీ ఒక్కసారిగా నొక్కితే తలకిందులవుతారు. ఒళ్లు కాస్త వెనక్కి జరిపి, మెల్లగా పెంచండి
- అదే పనిగా పట్టుకుని ఉండకండి. నొక్కండి, వదలండి. రిమ్ బ్రేకులు వేడెక్కితే ట్యూబ్ పేలుతుంది. కాలిన రబ్బరు వాసన వచ్చిందంటే ఆగి చల్లారనివ్వండి
- రిమ్ తడిసి ఉంటే మొదటి నొక్కుకి బ్రేక్ పట్టదు, ముందుగానే తేలిగ్గా నొక్కి తుడవండి

మలుపు తిరిగేటప్పుడు లోపలి పెడల్ పైకి, బయటి పెడల్ కిందకి. చూపు గుంత మీద కాదు, బయటికి పోయే దారి మీద ఉండాలి. ఎటు చూస్తే సైకిల్ అటే పోతుంది.

గట్టి మలుపుల్లో బస్సుకి మొత్తం రోడ్డు కావాలి, డ్రైవర్ తప్పేం కాదు. హారన్ వినపడితే మలుపులోకి పోకముందే ఎడమకి ఆగి బస్సుని పోనివ్వండి. మధ్య గీత మాత్రం ఏ మలుపులోనూ దాటకండి. దిగుడులో చేయి చూపించే సైగలు మానేయండి, రెండు చేతులూ బ్రేకుల మీదే, కేకలు చాలు. కోతులు గుంపుగా ఉన్నచోట నెమ్మదించండి, అరటిపండ్లు హ్యాండిల్‌కి వేలాడదీసుకుని వెళ్తే అవి మీదకే వస్తాయి.

9. పంక్చర్ పడితే

కొత్త ట్యూబ్ వేశాక ఐదు నిమిషాల్లో మళ్లీ గాలి పోయిందని టెన్షన్ పడేవాళ్లు చాలామంది. కారణం ఒకటే: గుచ్చుకున్నది టైర్‌లోనే ఉండిపోయింది.

మైదానంలో తుమ్మ ముల్లు, హైవే మీద లారీ టైర్ల నుంచి రాలిన సన్న ఇనప తీగ ముక్క. ముల్లు కనపడుతుంది. తీగ కనపడదు, వెంట్రుక మందాన ఉంటుంది, టైర్ లోపలికి రెండు మిల్లీమీటర్లు పొడుచుకొస్తుంది. వేలితో తడిమితే వేలు తెగుతుంది. అందుకని దూది ముక్కో పాత బనీను గుడ్డో టైర్ లోపల చుట్టూ రుద్దండి, తీగ ఉన్నచోట గుడ్డ పీచు పట్టుకుంటుంది. గోళ్లు తీసే కటర్‌తో పట్టుకుని బయటికి లాగండి.

పని మొత్తం రోడ్డుకి దూరంగా చేయాలి. ఇద్దరు చాలు, మిగతావాళ్లు చుట్టూ మూగి సలహాలివ్వకుండా నీడలో కూర్చోవాలి.

10. దెబ్బ తగిలితే

మొదట వెనక నుంచి వచ్చే బండ్లని ఆపండి. ఒకరు యాభై అడుగుల పైన, మలుపుకి అవతల నిలబడి చేయి ఊపాలి. ఆ తర్వాతే పడ్డ మనిషి దగ్గరికి.

- మెడ, వెన్ను నొప్పి అంటే కదిలించకండి, హెల్మెట్ లాగకండి
- రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకోండి
- 108కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. సిగ్నల్ లేకపోతే పైకీ కిందకీ పోయే బండ్లలో ఒక్కో మనిషిని పంపండి
- ఎస్.కోటలో, అరకులో ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి. ఏది దగ్గరో మ్యాప్‌లో ముందే గుర్తు పెట్టుకోండి

తలకి దెబ్బ తగిలాక వాంతి, మగత, "ఏమైంది?" అని అడిగిందే అడగడం ఉంటే ఆ మనిషి ఇక సైకిల్ ఎక్కకూడదు, "బాగానే ఉన్నా" అన్నా సరే.

కారులో పోయేవాళ్లు కేసవుతుందని భయపడి ఆగరు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, సాయం చేసినవాళ్ల మీద కేసులు లేకుండా 134ఎ సెక్షన్ చేర్చారు. ఆ మాట చెప్పి అడగండి.

కుక్క వెంటపడితే స్పీడ్ పెంచకండి. దిగి, సైకిల్‌ని మీకూ దానికీ మధ్య పెట్టి నడవండి, చాలావరకు అక్కడితో ఆగిపోతుంది. కరిస్తే పారే నీళ్ల కింద సబ్బుతో పావుగంట కడిగి, అదే రోజు టీకాకి వెళ్లాలి.

11. ఊళ్లు దాటేటప్పుడు

దారిలోవి గిరిజన గ్రామాలు. అడగకుండా మనుషుల ఫొటోలు, ముఖ్యంగా ఆడవాళ్లవీ పిల్లలవీ, తీయకండి. పిల్లలు చేయి ఊపుతూ రోడ్డు మీదకి పరుగెత్తుకొస్తారు, అక్కడ నడక స్పీడ్‌కి తగ్గాలి. చాక్లెట్లు విసరడం మానండి, ఈసారి మీరు విసిరితే వచ్చేసారి కారు వెనక పరుగెడతారు. సంత రోజైతే రోడ్డు సగం సంతదే, దిగి నడిపించండి. కాఫీ తోటల్లోకి చొరబడకండి, అవి ఒకరి పంట. చెత్త మీ సంచిలోనే కిందకి రావాలి.

12. చేరాక, మర్నాడు పొద్దున్నే

స్వీప్ వచ్చేదాకా ఎవరూ రూముల్లోకి పోకండి. లెక్కపెట్టుకుని, ఇళ్లకి ఫోన్లు చేసి, ఆ తర్వాతే స్నానాలు. పడుకునే ముందు బ్రేక్ రబ్బర్లు మళ్లీ చూడండి, రేపు కిందకి దిగేది వాటి మీదే.

మర్నాడు పొగమంచు విడిచాకే కదలండి, అది తొమ్మిదైనా సరే. ఎవరికైనా మోకాలు పట్టేసినా, దిగడానికి భయంగా ఉందన్నా బలవంతం చేయకండి. అరకు నుంచి విశాఖకి రైలుంది, బస్సులున్నాయి. రైల్లో సైకిల్ వేయాలంటే ముందురోజు సాయంత్రమే స్టేషన్‌కి వెళ్లి లగేజీ సంగతి కనుక్కోండి. బస్సు టాప్ మీద వేస్తే చైన్ వైపు పైకి ఉండేలా పడుకోబెట్టి, ముందు చక్రాన్ని ఫ్రేమ్‌కి తాడుతో కట్టేయండి, మలుపుల్లో హ్యాండిల్ తిరగకుండా.